ఆస్కార్ వైల్డ్ కేసు నాటిక: మొదట బోనులో ఎవరిని నిలబెట్టాలె?

మూసీగట్టు (నల్గొండ)

డిగ్రీ పిల్లలతోని 55 నిమిషాల తెలుగు నాటిక తయారు చేస్తున్నం. విషయం ఆస్కార్ వైల్డ్. 1854ల డబ్లిన్‌ల పుట్టిండు, లండన్ నాటకరంగాన్ని ఏలిండు, 1895ల మూడంటే మూడు నెలల్ల కుప్పకూలిండు. ఫిబ్రవరి 14న కొత్త నాటకానికి జనం లేచి చప్పట్లు కొట్టిన్రు, మే 25న అదే మనిషికి పురుషులతోని సంబంధాలున్నయన్న నేరం కింద రెండేండ్ల జైలు పడ్డది. ఈ రెండు తేదీల నడుమ జరిగిందే మా నాటిక.

నటులు ఎనిమిది మంది, అందుల ముగ్గురు అమ్మాయిలు. సెట్టు లేదు, రెండు బెంచీలు, ఒక టేబుల్. ముసాయిదా అయిపోయింది గానీ రిహార్సల్ చూసినోళ్లు అడిగేటివాటికి మా స్క్రిప్టుల జవాబు దొరుకుతలేదు.

ముందు పరువు నష్టం కేసు వేసింది వైల్డే కదా, మరి జైలుకు కూడా వైల్డే ఎట్ల పోయిండు? అందరూ ముందు ఇదే అడుగుతున్రు. ఆ కేసుకు కారణం, క్వీన్స్‌బెరీ అనే ఆయన వైల్డ్‌కని క్లబ్బుల ఇచ్చి పోయిన కార్డు, దాని మీద రాసిన మాటను తెలుగుల ఎట్ల చెప్పాలె? శిక్షల పడ్డ హార్డ్ లేబర్ (కఠిన శ్రమ) అంటే పిల్లలు రాళ్లు కొడుతున్నట్టు చేస్తున్రు, అది నిజమేనా? అమ్మాయిలకు వైల్డ్ భార్య కాన్‌స్టాన్స్ ఒక్క పాత్రే దొరికింది, ఇంకెవరున్నరు? ముగింపుల వాల్‌పేపర్ మీద ఆయన చెప్పిన చివరి మాట పెట్టినం, అది సరేనా?

తెలిసినోళ్లు వివరంగ రాయండి. తేదీలు తప్పు పోవద్దు.

---

వాయిదా_పడింది (మిర్యాలగూడ)

మొదటి ప్రశ్న ఒక్కటే తీసుకుంటున్న, అది తేలితే మీ నాటికల సగం ముడి విడిపోతది.

మూడు విచారణలు జరిగినయి. మొదటిదాంట్ల ముద్దాయి వైల్డ్ కాదు, క్వీన్స్‌బెరీ. బాక్సింగ్ నిబంధనలకు పేరు ఇచ్చిన మార్క్విస్ ఆయనే, వైల్డ్ స్నేహితుడు లార్డ్ ఆల్‌ఫ్రెడ్ డగ్లస్‌కు, అంటే బోసీకి, తండ్రి. వైల్డ్ ఫిర్యాది. తర్వాతి రెండిట్ల వైల్డ్ ముద్దాయి, ఫిర్యాది సర్కారు. ఇది మాటల్ల చెప్తే జనానికి ఎక్కదు, బోను మార్చి చూపియ్యాలె. మొదటి దృశ్యంల క్వీన్స్‌బెరీ నిలబడ్డ బెంచీ వెనకాలనే, అదే చోట, రెండో దృశ్యంల వైల్డ్‌ను నిలబెట్టుండ్రి.

ఇగ వరుస. 1895 ఫిబ్రవరి 18న క్వీన్స్‌బెరీ ఆల్బెమార్ల్ క్లబ్బుల కార్డు ఇచ్చి పోయిండు. వైల్డ్ చేతికి అది అందింది 28న. మార్చి 1న వారంటు, 2న క్వీన్స్‌బెరీ అరెస్టు. నేరం పరువు నష్టం, అప్పటి ఇంగ్లండుల అది క్రిమినల్ కేసు. ఏప్రిల్ 3న లండన్ క్రిమినల్ కోర్టు ఓల్డ్ బెయిలీల విచారణ మొదలైంది, 5న వైల్డ్ తరఫు వకీలు సర్ ఎడ్వర్డ్ క్లార్క్ కేసు వదులుకున్నడు.

అసలు మలుపు మార్చి 30న ఉన్నది. చానా నాటకాలు ఆ రోజును చూపియ్యనే చూపియ్యవు. 1843 పరువు నష్టం చట్టం ప్రకారం ముద్దాయి తప్పించుకోవాలంటే రెండు రుజువు చేయాలె: ఒకటి, తను రాసింది నిజమని. రెండు, దాన్ని బయటపెట్టడం ప్రజలకు మేలని. నిజమైతే చాలదు. ఇది మన దగ్గర కొత్త సంగతేం కాదు, ఐపీసీ 499లోని మొదటి మినహాయింపు ఇదే, ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 356ల కూడా ఉన్నది. నల్గొండ కోర్టుల ప్రాక్టీసు చేసే ఎవరిని అడిగినా ఒక్క నిమిషంల చెప్తరు. అయితే అట్ల సమర్థించుకునే ముద్దాయి ముందుగానే రాతపూర్వకంగ వివరాలు ఇయ్యాలె: ఎవరు, ఎక్కడ, ఎప్పుడు. క్వీన్స్‌బెరీ మనుషులు డిటెక్టివులను పెట్టి లండన్ అంతా గాలించి పేర్లు, తేదీలు, చోట్లతోని ఆ కాగితం 30న దాఖలు చేసిన్రు.

అంటే కోర్టు మెట్లు ఎక్కకముందే వైల్డ్‌కు తెలుసు, ఎదుటోని చేతిల ఏమున్నదో. నాలుగు దినాల టైం ఉన్నది. అంతకు ముందే లండన్‌ల కేఫ్ రాయల్ అనే హోటల్ల రచయితలు ఫ్రాంక్ హారిస్, బెర్నార్డ్ షా ఇద్దరూ కేసు వదిలేసి ఫ్రాన్సుకు పొమ్మని చెప్పి చూసిన్రు. బోసీ కోపంతోని లేచిపోయిండు, వైల్డ్ ఆయన వెనకాలే పోయిండు. మీరు ఒక్క దృశ్యం అదనంగ పెట్టగలిగితే అది పెట్టుండ్రి.

ఇంకో దెబ్బ. వైద్యుని దగ్గర, వకీలు దగ్గర దాయొద్దంటరు. క్లార్క్ కేసు పట్టేముందు వైల్డ్‌ను సూటిగ అడిగిండు, ఈ ఆరోపణల్ల నిజమున్నదా అని. లేదన్నడు వైల్డ్. ఆ మాట నమ్మి క్లార్క్ దిగిండు. క్లయింటు దాచింది ఎదురు వకీలు నోటినుంచి వినాల్సి వస్తే ఎంత పెద్ద వకీలైనా చేసేది ఏముండదు. ఏప్రిల్ 5న జరిగింది అదే. గౌరవంగ బయటపడదామని క్లార్క్ చూసిండు, కార్డు మీది 'వేషం వేస్తున్నడు' అన్న మాట వరకే, అదీ పుస్తకాల రాతల వరకే ఒప్పుకుంటమన్నడు. జడ్జి కాలిన్స్ ఒప్పుకోలే. తీర్పు ఇస్తే పూర్తిగ ఇయ్యాలన్నడు: రాసింది నిజం, రాయడం ప్రజలకు మేలు. జ్యూరీ అదే చెప్పింది.

అంతే, ఇగ వైల్డ్ నేరస్తుడని ఒక కోర్టు రికార్డుల పడ్డట్టే. క్వీన్స్‌బెరీ సొలిసిటర్ చార్లెస్ రస్సెల్ అదే రోజు సాక్షుల వాంగ్మూలాలన్నీ సర్కారు ప్రాసిక్యూషన్ డైరెక్టర్‌కు పంపిండు. సాయంత్రం ఆరు దాటినంక కడోగన్ హోటల్ల వైల్డ్‌ను పట్టుకున్నరు. పొద్దుగాల ఫిర్యాది, పొద్దుగూకేసరికి ముద్దాయి. తన కేసుకు కావాల్సిన సాక్ష్యం మొత్తం సర్కారు పైసా ఖర్చు లేకుండ ఆయన పెట్టిన కేసుల నుంచే తీసుకున్నది. రిహార్సల్ల జనం అడిగినదానికి జవాబు ఇదే.

ఇంకో మాట, నెరేటర్‌తోని 'వైల్డ్‌కు శిక్ష వేసిన చట్టమే మన ఐపీసీ 377' అని చెప్పియ్యకుండ్రి. వైల్డ్ మీద పడ్డది 1885 క్రిమినల్ లా సవరణ చట్టం 11వ సెక్షన్, లాబూషేర్ అనే ఎంపీ పెట్టిన సవరణ. 'ఘోర అసభ్యత' అనే గుండుగుత్త మాట, గరిష్ఠ శిక్ష రెండేండ్లు. మన 377 అంతకు ముందే, 1860 శిక్షాస్మృతిల వచ్చింది, మాటలూ వేరు, శిక్షా వేరు. రెండూ ఒకే కాలపు ఆలోచనకు పుట్టినయని చెప్తే తప్పు లేదు. 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు పెద్దలు ఇష్టపూర్వకంగ ఉండే సంబంధాలను 377 కింద నేరం కాదన్నది. ఆ తేదీ కావాలంటే కరపత్రంల వేసుకోండి, నాటికల వద్దు.

---

రంగుడబ్బా (పాలమూరు)

కోర్టు సంగతి వకీలు సాబ్ తేల్చిండు. నేను స్టేజీ మీద తప్పు పోయే జాగలు చెప్త.

ముందు కార్డు. అది లెటరు కాదు, మామూలు విజిటింగ్ కార్డు, పైన అచ్చేసిన పేరు క్వీన్స్‌బెరీది. కింద చేత్తో గెలికిన అక్షరాలు. 'ఆస్కార్ వైల్డ్‌కు' అని మొదలుపెట్టి, పురుషులతోని సంబంధం పెట్టుకునేటోని వేషం కడుతున్నడు అన్న అర్థం వచ్చేటట్టు రాసిండు, ఆ అసలు మాటల స్పెల్లింగ్ తప్పు. క్లబ్బు ద్వారపాలకుడు చదవలేకపోయిండు, చదవకుండనే కార్డు వెనక తేదీ, టైం వేసిండు: 18.2.95, 4.30. కవర్ల పెట్టి దాచిండు. పది దినాలు అట్లనే ఉన్నది. ఒక్కసారి ఊహించుండ్రి: వైల్డ్ చించి పారేస్తే అది చదివినోడు ఎవడూ లేడు. పరువు పోయిందని చెప్పనీకె సాక్షి ఒక్క ద్వారపాలకుడు, వానికి కూడా అర్థం కాలే. కార్డును ముందు ప్రేక్షకులకు వెనకదిక్కు చూపియ్యండి, ఆ తేదీ, టైం కనపడేటట్టు. మాట తర్వాత కోర్టుల చదివితే చాలు.

ఆ స్పెల్లింగ్ తప్పును తెలుగుల చేయనీకె పోకుండ్రి. చేస్తే నవ్వొస్తది, నవ్వొచ్చిందంటే దృశ్యం చచ్చినట్టే. ఊర్ల తిట్టే మాటలు అసలే వాడొద్దు, హాల్ల కూసున్న ఏ పిల్లగానికి అది తగులుతదో మనకు తెల్వదు. 'పురుషులతోని పోయేటోని వేషం కట్టిన ఆస్కార్ వైల్డ్‌కు' అంటే సరిపోతది. బరువు 'వేషం' అన్న మాట మీద పడాలె. వకీలు సాబ్ చెప్పినట్టు రేపు కోర్టుల ఆ మాట మీదనే పేచీ.

ఇగ కార్సన్. క్వీన్స్‌బెరీ వకీలు ఎడ్వర్డ్ కార్సన్, వైల్డ్ డబ్లిన్ ట్రినిటీ కాలేజీల ఒకే కాలంల చదివినోళ్లు. కార్సన్‌కు డబ్లిన్ యాస పోలే. వైల్డ్ తన యాసను ఆక్స్‌ఫర్డ్‌ల వదిలేసిండు. మీకు నల్గొండల ఇంతకన్న మంచి అవకాశం దొరకదు: కార్సన్ మన యాసల అడగాలె, వైల్డ్ పుస్తకాల తెలుగుల జవాబియ్యాలె. ఇద్దరిదీ ఒకే ఊరని అప్పుడు చెప్పకనే తెలుస్తది. ఒక్క జాగ్రత్త. మన యాసను సినిమాలు ఏండ్ల తరబడి నవ్వులాటకూ రౌడీలకూ వాడుకున్నయి. ఇక్కడ అది కోర్టుల అందరికన్న పదునైన మనిషి నోట్లున్నది. కార్సన్ గొంతు పెంచొద్దు, చేతులు ఊపొద్దు, కాగితం చూస్తూ అడగాలె.

క్రాస్ ఎగ్జామినేషన్ మూడు మెట్లుగ కట్టుండ్రి. మొదటి మెట్టు వయసు. వైల్డ్ 39 అన్నడు, కార్సన్ పుట్టిన తేదీ అడిగి 40 దాటిందని తేల్చిండు. చిన్న అబద్ధమే, కానీ ప్రమాణం చేసి చెప్పింది. జ్యూరీకి అందింది. రెండో మెట్టు పుస్తకాలు: వైల్డ్ రాసిన డోరియన్ గ్రే నవల, బోసీకి రాసిన ఉత్తరాలు. ఇక్కడ వైల్డ్ గెలుస్తడు. జనం నవ్వుతరు, నవ్వనీయుండ్రి, ఎంత నవ్వితే అంత మంచిది. మూడో మెట్టు రెండో రోజు, ఏప్రిల్ 4. కార్సన్ పుస్తకాలు పక్కన పెట్టి పేర్లు చదువుతడు: పనోళ్లు, గుర్రాలశాల మనిషి, కొలువు లేనోళ్లు. వాళ్లకు వెండి సిగరెట్ డబ్బాలు ఎందుకిచ్చినవు, భోజనాలు ఎందుకు పెట్టినవు అని. ఆ వరుసల గ్రేంజర్ అనే బోసీ పనివాని పేరు వచ్చింది. ముద్దు పెట్టుకున్నవా అని అడిగితే, అయ్యో లేదు, పాపం వాని మొఖం అంత బాగుండదు అన్నడు వైల్డ్. హాలు మళ్ల నవ్వుతది. కార్సన్ నవ్వడు. అందుకేనా పెట్టుకోలేదు? అని అడుగుతడు. మళ్ల అదే. మళ్ల అదే. వైల్డ్ తడబడతడు, మాటలు తెగిపోతయి. రెండు రోజులు నవ్వించిన నాలుకే ఆయనను ముంచింది. ఆ ప్రశ్న కనీసం నాలుగుసార్లు రావాలె, ప్రతిసారి ఇంకింత మెల్లగ.

చానామంది చేసే తప్పు ఇంకోటున్నది. 'తన పేరు తాను చెప్పుకోలేని ప్రేమ' గురించి వైల్డ్ చెప్పిన మాటలను కార్సన్ ముందట పెడతరు. అది తప్పు. ఆ మాట బోసీ పద్యంలది, వైల్డ్ దాన్ని వివరించింది రెండో విచారణల, ఏప్రిల్ చివర్ల, సర్కారు వకీలు గిల్ అడిగితే. అప్పుడు హాల్ల చప్పట్లు పడ్డయి. ఆ విచారణల జ్యూరీ ఒక మాట మీదికి రాలే, మే 1న తేలకుండ ముగిసింది. కార్సన్ మొదటి విచారణ తర్వాత తప్పుకున్నడు, మిగిలిన రెండిట్ల లేడు. మూడోదాంట్ల జడ్జి విల్స్, మే 25న శిక్ష.

---

మూసీగట్టు (నల్గొండ)

ఇద్దరికీ చానా దండాలు. యాస ఆలోచన పిల్లలకు చెప్పిన్నో లేదో కార్సన్ పాత్రకు పోటీ మొదలైంది. కేఫ్ రాయల్ దృశ్యం పెడుతున్నం, దానికోసం చిన్నప్పటి సీన్ తీసేసినం. జైలు, అమ్మాయిల పాత్రలు, ముగింపు మిగిలినయి.

---

దేవరకొండ_పాఠకురాలు

అమ్మాయిలకు ముగ్గురు ఉన్నారు, ముగ్గురూ బలమైన పాత్రలే.

తల్లి జేన్ వైల్డ్. 'స్పెరాంజా' పేరుతో ఐరిష్ జాతీయోద్యమ కవిత్వం రాసిన మనిషి. కొడుకు పారిపోకుండా నిలబడాలని పట్టుబట్టింది. ఉండి జైలుకు పోయినా నువ్వు నా కొడుకువే, పారిపోతే మళ్లీ నీతో మాట్లాడను అందని కవి యేట్స్ రాశాడు. రెండో విచారణకూ మూడోదానికీ మధ్య, మే 7న వైల్డ్ జామీను మీద బయటికొచ్చాడు. 5,000 పౌండ్ల జామీను. హోటళ్లు గది ఇవ్వలేదు, ఒకచోట చేరితే క్వీన్స్‌బెరీ మనుషులు వెంటపడి వెళ్లగొట్టించారు. చివరికి తల్లి ఉంటున్న ఇంటికి చేరాడు.

అక్కడి నుంచి తీసుకుపోయి తన ఇంట్లో పెట్టుకున్నది ఏడా లెవర్‌సన్, రచయిత్రి. ఆమె ఇచ్చింది ఇంటి పై అంతస్తులో పిల్లల గది. కోర్టు వాయిదాకు ముందు రాత్రులు ఇంగ్లండులో పేరుమోసిన నాటకకర్త ఆటబొమ్మల మధ్య గడిపాడు. మీకు సెట్టు లేదు కాబట్టి టేబుల్ మీద ఒక చెక్క గుర్రం పెట్టండి, చాలు. ఆ గుర్రానికి ఇంకో అర్థం కూడా ఉంది. వైల్డ్ ఇంకా విచారణ ఖైదీగా హోలోవే జైల్లో ఉండగానే, ఏప్రిల్ 24న టైట్ స్ట్రీట్‌లోని ఆయన ఇంటి సామాను అప్పులవాళ్ల కోసం వేలం వేశారు. పుస్తకాలు, రాతప్రతులతో పాటు కొడుకుల ఆటబొమ్మలు కూడా పోయాయి. సిరిల్‌కు పదేళ్లు నిండలేదు, వివియన్‌కు ఎనిమిది. వాళ్లు తండ్రిని మళ్లీ చూడలేదు.

మూడో ఆమె కాన్‌స్టాన్స్. ఆమెను ఏడుస్తూ కూర్చునే భార్యగా రాయకండి. పిల్లల కోసం ఇంటిపేరు హాలండ్‌గా మార్చుకుంది, అయినా 1896 ఫిబ్రవరిలో తల్లి చనిపోయిన కబురు భర్త పరాయి నోట వినకూడదని ఒంట్లో బాగాలేకపోయినా ఇటలీ నుంచి రీడింగ్ జైలుకు వచ్చి తానే చెప్పింది. వాళ్లిద్దరూ కలవడం అదే ఆఖరు. 1898 ఏప్రిల్ 7న జెనోవాలో ఆపరేషన్ తర్వాత చనిపోయింది.

ఇక హార్డ్ లేబర్. రాళ్లు కొట్టించడం తీసేయండి. అప్పటి పద్ధతిలో మొదటి నెల ట్రెడ్‌మిల్: పెద్ద చక్రానికి మెట్లు, ఎక్కుతూనే ఉండాలి, ఎక్కడికీ చేరరు. రోజుకు 6 గంటలు, 20 నిమిషాలు తొక్కితే 5 నిమిషాలు ఆగడం. పరుపు లేని చెక్క పడక. మూడు నెలలకు ఒక ఉత్తరం, ఒక ములాఖత్. మిగతా ఖైదీలతో మాట్లాడితే శిక్ష.

స్టేజీకి పనికొచ్చేది మాత్రం నార పీకడం. పాత ఓడల మోకులను ముక్కలు చేసి ఖైదీకి ఇస్తారు. తారు పట్టి గట్టిపడి ఉంటాయి. వాటిని పోగుపోగుగా విడదీయాలి, ఆ పీచును మళ్లీ ఓడ చెక్కల సందుల్లో కూరడానికి వాడతారు. గీత కార్మికులు కట్టే మోకు చూసినవాళ్లకు అది ఎంత బిగువుగా పేనుతారో తెలుసు. దాన్ని పురి విప్పడం ఒక ఎత్తు, తారు పట్టినదాన్ని గోళ్లతో పీకడం ఇంకో ఎత్తు. రీడింగ్ జైలు మీద రాసిన దీర్ఘకవితలో మొండిబారి నెత్తురోడే గోళ్లతో తారు మోకును చీల్చామని ఆయనే రాశాడు.

రిహార్సల్‌కు ఇలా చేయండి. వేలెడు లావు కొబ్బరి మోకు, జానెడు ముక్కలు పది. తారు వద్దు, చర్మం పాడవుతుంది. చిక్కటి గంజిలో నల్ల రంగు కలిపి ముంచి రెండు రోజులు ఎండబెడితే బిర్రబిగుసుకుంటుంది. ముక్కను తొడ మీద పెట్టి పురికి ఎదురు తిప్పితే మూడు పాయలుగా విడుతుంది, అక్కడి నుంచి గోటితో పీకడమే. నైలాన్ తాడు తీసుకోవద్దు, పీచు రాదు, వెలుతురులో మెరుస్తుంది. పిల్లలు నటించనక్కర్లేదు, నిజంగానే పీకమనండి. నాలుగు నిమిషాలకు వేళ్లు ఎర్రబడతాయి, ముఖంలో అదంతట అదే కనబడుతుంది.

ఏ జైలు ఎప్పుడో కలిపేయకండి. విచారణలప్పుడు హోలోవే. శిక్ష తర్వాత పెంటన్‌విల్, 1895 జూలైలో వాండ్స్‌వర్త్, నవంబర్‌లో రీడింగ్. రీడింగ్‌లో ఆయన సి.3.3, అంటే సి విభాగం, మూడో అంతస్తు, మూడో గది. అక్కడ మొదటి అధికారి ఐజాక్సన్ చిన్న తప్పుకు కూడా శిక్ష వేసేవాడు. 1896లో ఆయన స్థానంలో నెల్సన్ వచ్చాకే కాగితం, కలం, కావలసిన పుస్తకాలు దొరికాయి. 1897 జనవరి నుంచి మార్చి దాకా బోసీకి రాసిన ఉత్తరం పెద్ద కాగితాలు 20, మడత పెట్టి నాలుగేసి పుటలు, మొత్తం 80 పుటలు. పంపనివ్వలేదు, విడుదలప్పుడు చేతికిచ్చారు. డి ప్రొఫండిస్ అని లోకానికి తెలిసింది అదే. 1905లో వైల్డ్ స్నేహితుడు రాబర్ట్ రాస్ అచ్చు వేసినది సగం కంటే తక్కువ, బోసీ పేరు కూడా లేదు. మూలప్రతి ప్రకారం పూర్తి పాఠం అచ్చయింది 1962లోనే. మీరు చదివి వినిపించేది ఏ ముద్రణ నుంచో ఒకసారి చూసుకోండి. పాత ముద్రణల్లో అది పశ్చాత్తాపంలా వినిపిస్తుంది, పూర్తి పాఠంలో ఖర్చుల లెక్కలున్నాయి, కోపం ఉంది, నిందలున్నాయి, వాటి నడుమ పశ్చాత్తాపం ఉంది. ఆ కోపం తీసేస్తే మనిషి మిగలడు.

---

వాయిదా_పడింది (మిర్యాలగూడ)

మేడం డబ్బు మాట ఎత్తిన్రు కాబట్టి ఒకటి కలుపుత. దివాలా కూడా ఆ మొదటి కేసు నుంచే వచ్చింది. కేసు ఓడితే ఎదుటోని ఖర్చులు కూడా ఓడినోడే కట్టాలె. క్వీన్స్‌బెరీ ఖర్చు 600 పైచిలుకు పౌండ్లు. కేసు ఖర్చు మేం పెట్టుకుంటమని బోసీ ఇంటోళ్లు మాటిచ్చిన్రు, పెట్టలే. ఆ బాకీ కిందనే క్వీన్స్‌బెరీ దివాలా పిటిషన్ వేసిండు. 1895 నవంబర్ల ఖైదీగనే వైల్డ్‌ను దివాలా కోర్టుకు తెచ్చిన్రు. ఆ రోజు రాబర్ట్ రాస్ వరండాల నిలబడి, బేడీలతో పోతున్న వైల్డ్‌కు టోపీ తీసి నమస్కారం పెట్టిండు. ఒక్క మాట లేదు. అంతకన్న చిన్నదానికి మనుషులు స్వర్గానికి పోయిన్రని వైల్డ్ తర్వాత రాసిండు. రాస్ పాత్ర మీ స్క్రిప్టుల లేకపోతే ఆ ఒక్క నమస్కారం కోసమన్న పెట్టుండ్రి.

---

రంగుడబ్బా (పాలమూరు)

ముగింపు. వాల్‌పేపర్ మాట తీసేయుండ్రి. నాకూ ఈ వాల్‌పేపర్‌కూ చావు పందెం నడుస్తున్నది, ఎవరో ఒకరం పోవాలె అన్నది పారిస్‌ల చావుకు కొన్ని వారాల ముందు మాటల్ల అన్న మాట. ఆఖరి మాట కాదు. 1900 నవంబర్ 30న హోటల్ దల్జాస్‌ల పోయిండు, 46 ఏండ్లకు. చివరి రోజుల్ల మాట సరిగ రాలే, ముందు రోజు క్యాథలిక్ పాదిరి వచ్చి జ్ఞానస్నానం చేయించిండు. చెవి జబ్బు మెదడు పొరలకు ఎక్కింది. అక్టోబర్‌ల హోటల్ గదిలనే చెవికి ఆపరేషన్ అయింది. తండ్రి విలియం వైల్డ్ డబ్లిన్‌ల పేరుమోసిన చెవి, కన్ను డాక్టరు. ఈ సంగతి నెరేటర్ ఒక్క వాక్యంల చెప్పి ఊకుంటే చాలు, మీద ఇంకేం చెప్పొద్దు.

చమత్కారంతోని ముగిస్తే జనం నవ్వుకుంట ఇంటికి పోతరు, మూడో విచారణ మర్చిపోతరు. దానికి బదులు లండన్‌ల క్లాఫం జంక్షన్ అనే రైలు స్టేషన్ దృశ్యం పెట్టుండ్రి. రీడింగ్‌కు మార్చేటప్పుడు, నవంబర్ వానల, మధ్యాహ్నం 2 నుంచి రెండున్నర దాకా, ఖైదీ బట్టలు, చేతులకు బేడీలు, ప్లాట్‌ఫారం నడుమ నిలబెట్టిన్రు. చూసినోళ్లు నవ్విన్రు. ఎవరో తెలిసినంక ఇంకా ఎక్కువ నవ్విన్రు. రైలు వచ్చినకొద్దీ జనం పెరిగిన్రు. ఆ తర్వాత ఏడాదిపాటు రోజూ అదే టైముకు అంతసేపు ఏడ్చిన్నని ఆయన డి ప్రొఫండిస్‌ల రాసిండు. కాలం వరుస తప్పుతది, తప్పనీయుండ్రి. నెరేటర్ చావు సంగతి ముందే చెప్పేసి, ఆఖరుకు వెనక్కి తిరిగి ఇక్కడికి రావాలె.

ఎట్లంటే, ఎనిమిది మందిల ఏడుగురు ప్రేక్షకుల నడుమ నుంచి లేచి వచ్చి స్టేజీ అంచున నిలబడాలె, వీపు జనానికి. వైల్డ్ నడుమ. డైలాగ్ లేదు. రైలు చప్పుడు టేపు వద్దు, నల్గొండ స్టేషన్ల అనౌన్స్‌మెంట్ విననోడు ఎవడూ లేడు, దాన్ని పెడితే జనం తమ ప్లాట్‌ఫారం అనుకుంటరు, లండన్ పోతది. వాన చప్పుడు కావాలంటే జల్లెడల జొన్నలు పోసి తిప్పుండ్రి, రెండు జల్లెడలు, వేరే వేరే వేగంతోని, లేకపోతే తాళం లాగ వినొస్తది. ముందు ఒక్కరు నవ్వాలె, తర్వాత ఇద్దరు, తర్వాత ఏడుగురూ. నవ్వు ఆగినంక కూడా వైల్డ్ కదలొద్దు. గడియారం చూసి 90 సెకన్లు. రిహార్సల్ల 40 సెకన్లకే పిల్లలకు కాళ్లు ఆగవు, లైటు ఆర్పమని సైగ చేస్తరు. ఆర్పొద్దు.

---

మూసీగట్టు (నల్గొండ)

వాల్‌పేపర్ తీసేసినం. మోకు ముక్కలు నిన్న గంజిల ముంచి కాలేజీ డాబా మీద ఆరబెట్టినం. రాస్‌కు వేరే నటుడు లేడు, అందుకని గ్రేంజర్ పేరు చదివే దృశ్యంల జ్యూరీల కూసున్న పిల్లగాడే తర్వాత రాస్‌గ వచ్చి టోపీ తీస్తడు. కార్సన్ పాత్ర త్రిపురారం నుంచి వచ్చే అమ్మాయికి ఇచ్చినం, యాస ఆమెదే అందరికన్న గట్టిగున్నది. ఇగ 90 సెకన్లు. ఇయ్యాల రిహార్సల్ల 55 దాకా వచ్చినం.